తిర్నాళ్ళ గిత్తల కబుర్లు

ఉగాది పోయిన దగ్గర్నుంచి మంగంపేటలో పగటిపూట బయట తిరిగే వీలు లేదు. ముగ్గురాయి గనుల మీదుగా వచ్చే గాలికి రోడ్డు పక్క వేపచెట్లు కూడా తెల్లబడి ఉన్నాయి. కోడూరు తోటల్లో మామిడి కోతకు కూలీలు దొరకలేదని ఒకరు, బొప్పాయికి ఈసారన్నా ధర నిలబడుతుందా అని ఇంకొకరు. పొద్దు వాలి మంచాలు వాకిట్లోకి వచ్చాయంటే మాత్రం తోటల మాట వెనకబడుతుంది. ఏ తిర్నాలకు ఏ ఎద్దుల జత వస్తోంది, ఫలానా వాళ్ళ దాపటెద్దు కాలు బాగైందా, కొత్త కోడెల్ని ఎవరు దింపుతున్నారు, ఇదే గోల. మా సీమకు ఎండాకాలమంటే బండలాగుడు కాలం. శివరాత్రికి ఊపందుకున్నది ఉగాది, శ్రీరామనవమి, ఊళ్ళ జాతరలు దాటి ఏరువాక దాకా నడుస్తుంది.

ఒంటిమిట్టలో కోదండరాముడి బ్రహ్మోత్సవాలు కళకళలాడాయి. రాత్రిపూట, వెన్నెల్లో జరిగే ఆ కల్యాణం చూడడానికి ఏటా మా ఊరి నుంచి బండ్లు కట్టుకుని పోయినట్టే ఇప్పుడు ఆటోలు, బస్సులు పట్టుకుని పోతారు. ఉత్సవాల చివర్లో స్వామి అశ్వవాహనం మీద ఊరేగుతాడు. గుర్రాన్ని మేం చూసేది అలా దేవుడి కింద, లేకపోతే పెళ్ళికొడుకు కింద. పొగరు, అలక, పంతం, విశ్వాసం ఇవన్నీ మాకు ఎరుకైనది ఎద్దులోనే.

మా కోడూరు, రాజంపేట పక్క పోటీలు చిన్నవే. తోటల నేల మాది, ట్రాక్టర్లొచ్చాక కొట్టాల్లో ఎద్దుల జతలు బాగా తగ్గాయి. అసలు సందడి చూడాలంటే మైదుకూరు దాటి కుందూ పక్కకు, ఆళ్ళగడ్డ, నంద్యాల, బనగానపల్లె వైపు పోవాలి. అక్కడిది నల్లరేగడి. తడిసిన రేగడిలో మడక సాగాలన్నా, బస్తాలతో బండి కదలాలన్నా బరువైన ఒంగోలు జాతి ఎద్దే కావాల్సి వచ్చేది. ఇప్పుడు మడక పని ట్రాక్టరు చేస్తున్నా పెద్దెద్దుల మీద అక్కడివాళ్ళ మక్కువ తగ్గలేదు. ఇంటి పెద్దకొడుకు చదువుకు పెట్టిన ఖర్చు చెప్పడానికి ఆలోచిస్తారేమో గానీ, కోడెల మేపుకు పెట్టింది దాపరికం లేకుండా చెబుతారు. ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, జొన్నపిండి, కోడిగుడ్లు, ఖర్జూరాలు. ఉలవలు ఉడికే వాసన వస్తే ఆ వీధిలో పందెపుటెద్దు ఉన్నట్టే.

పోటీ పద్ధతి తేలికగా అర్థమవుతుంది. టన్ను పైబడిన రాతిబండను మోకుతో కాడికి కట్టి, పెట్టిన గడువులో ఎన్ని అడుగులు లాగారో కొలుస్తారు. గడువు 10 నుంచి 20 నిమిషాల దాకా ఉంటుంది. బరి ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి, బండను తిప్పుకుని మళ్ళీ రావాలి. ప్రాణమంతా ఆ మలుపులోనే ఉంది. నేరుగా లాగడానికి రొమ్ము బలం చాలు. తిప్పేటప్పుడు మాత్రం ఒకటి నిలదొక్కుకోవాలి, ఇంకొకటి దాని చుట్టూ అడుగులు మార్చాలి. దాపటెద్దు తొందరపడినా, వెలపటెద్దు అలిగినా బండ అడ్డం తిరుగుతుంది, మోకు కాళ్ళకు చుట్టుకుంటుంది, గడియారం మాత్రం ఆగదు. కండబలంలో చుట్టుపక్కల సాటిలేదనుకున్న జతలు మలుపు దగ్గర మనసు కలవక ఓడిపోవడం ఈ ఏడు కూడా చూశాం.

జతల్ని పళ్ళను బట్టి విడదీస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సబ్ జూనియర్లు, జూనియర్లు, సీనియర్లు. సేద్యం చేసే ఎద్దులకు వేరే విభాగం. రెండేళ్ళు దాటాక ముందర రెండు పాలపళ్ళు రాలి పెద్దపళ్ళు వస్తాయి. ఆ తర్వాత జత జతగా పెరిగి ఐదేళ్ళ ప్రాంతంలో ఎనిమిదీ వచ్చి నోరు నిండుతుంది. పాలపళ్ళ పోటీ నాకు అన్నిటికన్నా ఇష్టం. జనాన్ని, తప్పెట్లను, మైకును మొదటిసారి చూసే పిల్ల కోడెలవి. ఒకటి బండను మరిచి షామియానా జాలర్లకేసి చూస్తుంది. ఒకటి సగం బరి బ్రహ్మాండంగా లాగి, తోలేవాడి జేబులో బెల్లం ముక్క గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతుంది. ఏ కోడె ఎట్లాంటి ఇంట్లో పెరిగిందో ఆ కాసేపట్లో అందరికీ తెలిసిపోతుంది. దెబ్బలు తిని పెరిగినది మనిషి చెయ్యి లేవగానే కళ్ళు మూసుకుంటుంది. చేతిమేత తిని పెరిగినది ఆ చెయ్యి వైపే మూతి చాపుతుంది.

ఇక మా వాళ్ళ ఎద్దుల సంగతి. మా మేనమామ కొట్టంలో రాముడు, మల్లన్న అని ఒక జత ఉంది. రాముడు పాలతెలుపు, మూపురం నిండుగా, గంగడోలు మోకాళ్ళ దాకా వేలాడుతూ చూడగానే కళ్ళు తిప్పుకోనివ్వదు. ప్రకాశం జిల్లా నుంచి తెచ్చింది. మంచి జాతి తల్లికి పుట్టిందని అమ్మినాయన పదేపదే చెప్పి పంపాడు. దానికి శుభ్రం ఎక్కువ. గాటిపాట్లో పేడ ఉంటే పడుకోదు, ఇంకో పశువు మూతిపెట్టిన కుడితి ముట్టదు. పోటీ రోజు గజ్జెల పట్టెడ కట్టగానే మెడ పైకెత్తి నిలబడుతుంది.

మల్లన్న దానికి పూర్తిగా వేరు. బూడిద రంగు, ఒక కొమ్ము కాస్త లోపలికి. పుట్టిన వారానికే తల్లి చచ్చిపోతే మా అత్త సీసాతో పాలు పట్టి పెంచింది. ఇప్పటికీ అది మా అత్త ఎద్దే. ఆమె కోడూరు సంతకు పోయి పొద్దుపోయినా ఇంటికి రాకపోతే మేత మానేసి వాకిలి వైపు చూస్తూ నిలబడుతుంది. పోయినసారి పోటీలో రెండో మలుపు దగ్గర మొండికేసింది. తోలేవాళ్ళు అరిచినా కదల్లేదు. జనంలో నుంచి మా అత్త, "రా నాయనా, ఇంటికి పోదాం, అయిపోయింది రా" అని పిలిచేసరికి బండతో సహా ఆమె ఉన్న వైపుకు నడిచింది. అదృష్టంకొద్దీ బరి కొస కూడా ఆ వైపే. అప్పటి నుంచి ఆమె ఎక్కడ నిలబడాలో ముందే చూసుకుంటున్నారు.

ఎద్దును కొనబోతే అందరూ సుడులు చూస్తారు, గిట్టలు, తోక కుచ్చు, కొమ్ముల తీరు చూస్తారు. మా మామ నడిపించి చూసి, ఆ తర్వాత దాని ముందర చాలాసేపు ఊరికే కూర్చుంటాడు. ఎందుకు మామా అని అడిగితే, "సుడి దేవుడు పెట్టినాడు, గుణం మనిషి పెడ్తాడు. దాన్ని ఎవురు ఎట్ల పెట్టినారో తెలుసుకోవద్దా?" అంటాడు. ఆయన మాటను నేను పూర్తిగా నమ్ముతాను.

నమ్మడానికి కారణం చెయ్యేటి పక్క ఊళ్ళో ఉన్న ఒక గిత్త. 2021 నవంబరు 19న తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి పక్క ఊళ్ళ మీద నీళ్ళు పడిన సంగతి ఇక్కడ ఎవరూ మరువలేదు. మనుషులు పోయారు, కట్టేసిన పశువులు కట్టేసినట్టే కొట్టుకుపోయాయి. ఆ గిత్త అప్పటికి పాలు మరవని దూడ. నీళ్ళు తీశాక పడిపోయిన అరటిచెట్ల మధ్య బురదలో దొరికింది. తల్లి దొరకలేదు. దాన్ని తెచ్చి పెంచిన రైతుకు అంతకుముందు పందేల ఊసే లేదు. ఉన్న ఎద్దులు పోయాయి, మిగిలింది ఇదొక్కటే, దీన్ని వదలకూడదని మాత్రం అనుకున్నాడు.

తక్కిన పందెపుటెద్దుల్ని చెరువులో ఈదిస్తారు, ఊపిరి పెరుగుతుందని. ఇది నీళ్ళలో గిట్ట పెట్టదు. మోటారు వేసి తొట్టిలోకి నీళ్ళు వదిలిన చప్పుడైతే చాలు, పగ్గం తెంపుకోబోతుంది. బకెట్టులో పోసి, ఆ రైతు బకెట్టు అంచు మీద చెయ్యి వేసి ఉంచితేనే తాగుతుంది. నేను దగ్గరగా నిలబడి చూశాను. మొదట ఆ చేతిని వాసన చూస్తుంది, తర్వాత నాలుగు గుక్కలు తాగుతుంది, తలెత్తి చెయ్యి ఇంకా ఉందా అని చూసుకుని మళ్ళీ వంచుతుంది. అది తాగినంతసేపూ ఆయన కదలడు. ఈత కుదరదు కాబట్టి వేసవిలో ఎండిపోయిన చెయ్యేటి ఇసుకలో పొద్దున్నే నడిపిస్తాడు. గిట్టలు దిగబడే ఇసుకలో నడిచి నడిచి దాని తొడలకు వచ్చిన పట్టు చూస్తే చెరువు ఈత అవసరమే లేదనిపిస్తుంది. దానికి సొంత జత లేదు. ఇంకో రైతు గిత్తతో కలిపి కంబైన్డ్ జతగా దింపుతున్నారు. తప్పెట్లకు బెదరదు, టపాకాయలకు బెదరదు. ఈ ఏడు ఆరు పళ్ళ విభాగంలో మూడో స్థానం వచ్చింది. బరి బయట ఆ రైతు కండువాతో దాని కళ్ళ కింది దుమ్ము తుడుస్తుంటే, మొదటి బహుమతి వచ్చిన జతను వదిలేసి జనం ఇటే గుమిగూడారు.

మన గిత్తల పేరు వినబడేది మన తిర్నాళ్ళలోనే కాదు. ఒంగోలు దగ్గరి కరవదిలో పెరిగిన ఒక గిత్తను 1960ల్లో బ్రెజిల్ వాళ్ళు కొని ఓడలో తీసుకుపోయారు. ఊరి పేరే దానికి పేరైంది. ఈ జాతిని అక్కడ నెల్లూరు పేరుతో పిలుస్తారు, బ్రెజిల్ పశుసంపదలో పెద్ద పాలు ఇప్పుడు ఇదే. అక్కడి వియాటినా-19 అనే ఈ జాతి ఆవు 1,101 కిలోలు తూగింది. 2023లో దాని మూడో వంతు వాటా పలికిన ధరను బట్టి మొత్తం ఆవు విలువ 43 లక్షల డాలర్లని లెక్కగట్టారు. ఈ కబురు మా వాకిట్లో చెప్పినప్పుడల్లా అందరికీ గర్వమే. 2002లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ క్రీడలకు చిహ్నంగా 'వీర' అనే ఒంగోలు గిత్తను పెట్టుకున్నామని కూడా ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. నాకు మాత్రం గర్వంతో పాటు బెంగ కూడా. అంత దూరాన వాళ్ళు ఒక్కో గిత్త వంశాన్ని తరతరాలుగా రాసిపెట్టుకున్నారు. మన పల్లెలో మంచి కోడె తల్లి ఎవరు, తండ్రి ఎవరు అంటే ముసలివాళ్ళు చెప్పాలి, వాళ్ళు పోతే ఆ ముక్క కూడా పోతుంది. గుంటూరు దగ్గర లాం ఫారంలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ఈ జాతి కోసం పని జరుగుతోంది. మనవాళ్ళు కూడా ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టి ఈనిన తేదీ, తల్లి, తండ్రి రాసుకుంటే ఎంత మేలు!

చర్నాకోల సంగతి చెప్పకుండా ఈ కబుర్లు సాగవు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆపమంది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చేసుకున్న చట్టసవరణల్ని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఈ తీర్పుల మీద మా దగ్గర వాదనలు తెల్లవార్లూ నడుస్తాయి. నా మటుకు నేను ఒకటే చూస్తాను. ముల్లుకర్ర పట్టినవాడి జత మొదటి ఐదు నిమిషాలు ముందుంటుంది, ఆపైన భయంతో ఊపిరి చెదిరి వెనకబడుతుంది. పోటీ పెట్టేవాళ్ళే గట్టిగా ఉండి, ముల్లు కనబడితే ఆ జతను పక్కన పెడితే చాలావరకు బాగుపడుతుంది. కొన్ని ఊళ్ళలో ఈ ఏడు చర్నాకోలను గాల్లో ఝళిపించడమే తప్ప ఒంటి మీద వేయనివ్వలేదు. వాళ్ళను మెచ్చుకోవాలి.

ఇంకో మాట, ముసలి ఎద్దులది. పేపర్లో ఫోటో పడిన ఎద్దుకు నాలుగేళ్ళు మహా వైభోగం. కీళ్ళు పట్టేశాక దాని మేపు బరువవుతుంది, సంత దారి కనబడుతుంది. రైతు కష్టం నాకు తెలుసు, గడ్డి మోపు ధర కూడా తెలుసు. అయినా ఊరేగించిన దాన్ని అట్లా తోలెయ్యడం నా మనసు ఒప్పుకోదు. మా మామ కొట్టంలో రాముడికి ముందు పనిచేసిన కోటయ్య ఇంకా ఉంది. పళ్ళు అరిగిపోయాయి, గడ్డి నమలలేదు, జావ కాచి పోస్తారు. దానికొక పని కూడా దొరికింది. కొత్తగా తెచ్చిన కోడె బెదురుతుంటే దాని పక్కన కోటయ్యను కట్టేస్తారు. కోడె ఎంత ఎగిరినా ఇది నిదానంగా జావ తాగుతూ ఉంటుంది. రెండు రోజుల్లో కోడె కూడా చల్లబడుతుంది. బహుమతి డబ్బులో కొంత ముసలి ఎద్దుల మేతకు తీసిపెట్టాలని పోటీ కమిటీలు నియమం పెడితే నేను మొదటి చందా ఇస్తాను.

రాబోయే రోజుల్లో వైశాఖ శుద్ధ దశమికి బ్రహ్మంగారిమఠంలో ఆరాధన. మా మామ కొత్త పాలపళ్ళ జతను ఆ తిర్నాలకు తోలుకుపోవాలని చూస్తున్నాడు. అందులో ఒకటి మైకు వినబడితే కోటయ్య వెనక దాక్కుంటోంది, అందుకని రోజూ సాయంత్రం కొట్టం దగ్గర రేడియో పెట్టి అలవాటు చేస్తున్నారు. లాడాలు కొట్టే అతనికి కబురు పోయింది. జ్యేష్ఠంలో ఏరువాక పున్నమికి కొమ్ములకు రంగులేసి, మడకకు పూజ చేసి అందర్నీ ఊరేగిస్తారు, కోటయ్యతో సహా. మఠం పోటీలకు రాదలచినవాళ్ళు పొద్దున ఎనిమిదింటికల్లా వచ్చేయండి, ఎండ ఎక్కకముందే చిన్న కోడెల విభాగాలు అయిపోతాయి. మంచినీళ్ళు మీవి మీరే తెచ్చుకోండి. మలుపు దగ్గర బండకు వెనకగా నిలబడొద్దు, ఈలలు వేయొద్దు. పిల్లల్ని తెస్తే పోటీకి ముందు చింతచెట్ల కిందికి తీసుకుపోండి, జతలన్నీ అక్కడే కట్టేసి ఉంటాయి. చెయ్యేటి గిత్త కూడా వస్తోంది. దాని దగ్గర మాత్రం నీళ్ళ సీసా మూత తెరవొద్దని పిల్లలకు చెప్పండి.