కలవని నీళ్ళు, దారి తెలిసిన కణాలు

కేంబ్రిడ్జి, మసాచుసెట్స్

తమ్ముడూ,

చార్లెస్ నది ఒడ్డు, పాత ఇటుక మేడల గురించి మరో ఉత్తరంలో రాస్తాను. ముందు ఇక్కడి ప్రయోగశాలలో చూసిన వింత చెప్పాలి.

అరచేతిలో ఇమిడే గాజుపలక. దాని మీద అద్దంలా కనిపించే సిలికాన్ రబ్బరు బిళ్ళ. అందులో తలవెంట్రుకంత సన్నని కాలువలు. ఒక ద్వారంలోంచి రంగునీళ్ళు, రెండోదాంట్లోంచి మంచినీళ్ళు ఎక్కిస్తారు. రెండూ ఒకే కాలువలో పడినా సుడి లేవదు, కలబోత జరగదు. ఒరుసుకుంటూ పక్కపక్కనే సాగిపోతాయి. అంత ఇరుకులో జిగటదే పైచేయి. రంగు అణువులు వాటంతటవే మెల్లగా అవతలికి చేరాలి. అందుకే కాలువను మెలికలు తిప్పి, వాటికి కాస్త వ్యవధి ఇస్తారు.

అసలు చమత్కారం ఇక్కడుంది. రెండు పాయలు మూడుగా చీలితే మొదటిదాంట్లో రంగు నూటికి 100 పాళ్ళు, నడిమిదాంట్లో 50, చివరిదాంట్లో సున్నా. పొరుగు పాయలు మళ్ళీ కలిసి, మళ్ళీ చీలి, ఐదయ్యేసరికి 100, 75, 50, 25, 0. అన్నీ ఒక వెడల్పాటి కాలువలోకి దిగేసరికి, ఈ అంచున చిక్కగా ఉన్న రంగు ఆ అంచుకు పూర్తిగా పలచబడుతుంది. ప్రవాహం సాగినంతసేపూ ఆ వాలు చెదరదు. హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం 2000లో ఈ పద్ధతిని ప్రకటించింది. కాలువల ఆకారాన్ని బట్టి దీన్ని క్రిస్మస్ చెట్టు అంటారు.

2002లో ఆయనా, నూ లీ జియోన్, మెహ్మెట్ టోనర్ మొదలైనవారూ రంగుకు బదులు ఇంటర్‌ల్యూకిన్-8 వాడారు. మన రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలను తనవైపు రప్పించుకునే పదార్థమది. కణాలు పలచన నుంచి చిక్కదనం వైపు నడిచాయి. చిక్కదనం శిఖరం దాటగానే పదార్థం ఒక్కసారిగా సున్నా అయ్యేలా చేస్తే, ఆ అంచున టక్కున ఆగిపోయాయి. అవతలివైపు కూడా మెల్లగా తగ్గేలా చేస్తే, శిఖరం దాటి మరికొంత దూరం వెళ్ళి, అప్పుడు వెనుదిరిగాయి!

అదే పదార్థం, అవే కణాలు. వాలు తీరు మారింది, నడక మారింది. కన్నూ చెవీ లేని కణానికి ఇంత వివేచన ఉందని తెలిసి నా మనసు నిండిపోయింది.

వైద్యం చదువుతున్నావు కదా, మోతాదు ఎంతని లెక్కవేయడం నీకు రోజూ ఉండేదే. ఆ మందు కణాన్ని ఏ వైపు నుంచి, ఎంత వాలుగా చేరుతోందో కూడా అడగడం అలవాటు చేసుకో, తమ్ముడూ.

ఇట్లు,
మీ అక్క