అక్షరాభ్యాసం ఊరికే చేయం

స్పెల్లింగ్ బీ ఫైనల్స్ వచ్చాయంటే చాలు, ఇక్కడ అమెరికాలో మన పిల్లల గురించి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. వీళ్లు ‘ఇన్నేట్లీ’ తెలివైనవాళ్లట. అంటే పుట్టుకతోనే. మెచ్చుకోలుగానే అంటారు. నాకు మాత్రం గుచ్చుకుంటుంది. స్కూలు నుంచి రాగానే డిక్షనరీ ముందేసుకుని కూర్చున్న పిల్ల కష్టమంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది.

1985లో బాలు నటరాజన్, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ, మధ్యలో ఇంకెందరో ఆ పోటీ గెలిచారు. ఈ వరస రక్తంలోంచి రాలేదు. రత్నం చిట్టూరి గారు 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టారు. ఆ సంస్థ పోటీల కోసం శనాదివారాలు మానుకుని వలంటీర్లుగా నిలబడే తల్లిదండ్రులు ఊరూరా ఉన్నారు. పిల్లలు అక్కడ ఓడి, మళ్లీ చదివి, మళ్లీ వస్తారు.

మైకు ముందు పిల్లను దగ్గర నుంచి చూడండి. అరచేతి మీద వేలితో రాసుకుంటూ, ఈ మాట ఏ భాషలోంచి వచ్చిందని అడుగుతుంది. ‘ఇన్నేట్లీ’నే తీసుకోండి. లాటిన్‌లో ‘నాటుస్’ అంటే పుట్టిన. ముందు ‘ఇన్’ చేరింది కాబట్టి ఎన్‌లు రెండు. ‘ఇనాక్యులేట్’లో ‘ఇన్’ తర్వాత ఉన్నది ‘ఓక్యులుస్’. అందుకని ఎన్ ఒకటే. చెవికి తేడా తెలియదు. చదువుకున్న పిల్లకే తెలుస్తుంది.

‘పుట్టుకతోనే’ అన్న మాటకు తగిన చోటు లేకపోలేదు. భాష నేర్చే శక్తి మనిషికి పుట్టుకతోనే ఉంటుందన్నాడు నోమ్ చామ్‌స్కీ. కాదనే పండితులూ ఉన్నారు. ఏమైనా, చుట్టూ మాట్లాడేవాళ్లుంటే పసివాడికి మాటలు వాటంతటవే వస్తాయి. రాత అలా రాదు. మనవాళ్లకిది ఎప్పుడో తెలుసు. మాటకు అభ్యాసం పెట్టలేదు, అక్షరానికి పెట్టారు. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దించారు.

గెలిచినవాళ్లకంటే ఓడినవాళ్లకే ‘పుట్టుకతోనే’ అన్న మాట ఎక్కువ చేటు చేస్తుంది. మొన్న రెండో రౌండ్‌లో గంట మోగాక మా స్నేహితురాలి కూతురు నా పక్కన కూలబడింది.

“నాకు పుట్టుకతోనే ఆ బుర్ర లేదేమో ఆంటీ.”

“అది ఫ్రెంచ్ మాటమ్మా. చివర టీ పలకదు. నువ్వింకా ఫ్రెంచ్ లిస్టు మొదలే పెట్టలేదుగా?”

కళ్లు తుడుచుకుంది. “అయితే జర్మన్ కూడా చదవాలా?”

“చదవాలి.”