వంటయింటికి సెలవు

బడికి సెలవులు కలవు. దసరాకు కొన్ని, సంక్రాంతికి కొన్ని, వేసవికి నెలకు పైబడిన దినములు. కచేరీలకును సెలవులు కలవు. తుదకు ఎద్దునకు సైతము పండుగనాడు కాడి దించుదురు. వంటయింటికి సెలవు వ్రాసిన పంచాంగమును మాత్రము మేమింతవరకు చూడలేదు. పైగా ఇతరులకు సెలవు వచ్చినపుడెల్ల మన పొయ్యికి పని యినుమడించును. మావారు ఉపాధ్యాయులగుటచే ఈ సంగతి మాకు చక్కగా అనుభవమున నున్నది.

కావున భార్యాభర్తలిరువురే రెండు దినములు ఏదైన పట్టణమునకు పోయి, తృప్తిగా భుజించి, చెట్టునో నీటినో చూచి వచ్చుటను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఇది ధనవంతుల విలాసమని కొందరు సోదరీమణులు తలపవచ్చును. కాదని చెప్పుటయే మా యుద్దేశము. అయితే దీనిని సరిగా నేర్చుకొనుటకు మాకు రెండు ప్రయాణములు పట్టినవి. మొదటిది చెడినది గనుక ముందు దానినే చెప్పుదుము.

కొన్ని యేండ్ల క్రిందట దసరా సెలవులలో మేమిరువురము రాజమహేంద్రవరమునకు పోయితిమి. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు భారతమును తెనుగు చేయ నారంభించిన పట్టణమది. మా తండ్రిగారు ఆదిపర్వమును మాకు చదివి చెప్పిన నాటినుండి దానిని చూడవలెనని కోరిక. మావారు కాగితముపై గంటల లెక్కన పట్టిక వేసిరి. పాపికొండలు, మారేడుమిల్లి యడవి, ద్రాక్షారామము, అన్నవరము; బడి పట్టికవలె ఒక్క గంటయైన ఖాళీ లేదు. మేమును తక్కువ తినలేదు. రెండు రాత్రులు మేలుకొని దారికి పులిహోర, జంతికలు, పెరుగన్నము. ఇంట నుండువారికి పొడులు, పచ్చళ్లు సిద్ధము చేసితిమి. అనగా వంటయిల్లు మాతో కూడ రైలెక్కినదన్నమాట.

జరిగినదేమనగా, నీరు హెచ్చుగా నున్నదని పడవలు కదలలేదు. రేవునొద్ద సగము దినము పోయినది. మిగిలినదంతయు కారులో గడచినది. దిగిన బసలో దుప్పట్లు చూడగనే మా చీర కొంగు పరచుకొని పండుకొంటిమి. గంటకొకసారి ఇంటినుండి ఫోను: పప్పుల డబ్బా యెక్కడ, చిన్నదాని గౌను ఎక్కడ. చూచిన కోవెల యేదియు ఇప్పుడు మాకు జ్ఞాపకము లేదు. ఖాళీ గిన్నెలు రైలులో గలగలలాడుట మాత్రము జ్ఞాపకమున్నది.

అంతకంటె పెద్దది రెండవనాటి రాత్రి జరిగినది. తెచ్చిన తిండి యైపోగా హోటలులో కూర్చుంటిమి. వడ్డించు కుర్రవాడు వచ్చి, “మీకేం కావాలమ్మా?” యని యడిగెను. మేము అలవాటు చొప్పున మావారి ముఖము చూచితిమి. “నీకిష్టమైనది చెప్పు” మనిరి. ఎంత యాలోచించినను సమాధానము తోచలేదు. అత్తగారికి బెల్లము వేసిన కాకరకాయ, మావారికి ఎఱ్ఱగా వేగిన వంకాయ, పెద్దవానికి చారు, చిన్నదానికి గడ్డపెరుగు. అందరి రుచులును మాకు కంఠస్థములు. మాకేది యిష్టమో మాత్రము మాకు తెలియలేదు. “ఏదైన సరే” నంటిమి.

“పదిహేనేండ్లుగా ఈ మాటయే వినుచున్నాను” అని మావారు విసుగుకొనిరి.

“పదిహేనేండ్లుగా మీరడుగుట ఇదియే మొదలు” అని మేమంటిమి.

తిరుగు ప్రయాణమున ఒకరితో నొకరము మాటలాడుకొనలేదు.

సోదరీమణులారా, తప్పు ఊరిది కాదు, ఏటిది కాదు. దూరపు కొండలు నునుపని పెద్దలూరక అనలేదు. చూడవలసిన చోట్లను లెక్కపెట్టుకొంటిమే గాని, విశ్రాంతికి చోటు పెట్టుకొనలేదు. అందుచే మొన్న మాఘమాసమున మరల అదే పట్టణమునకు పోదలచినపుడు మొదటనుండి లెక్క మార్చితిమి.

మొదటి పని ఇంటిలోనిది. అత్తగారిని అడుగుటకు మేము వారము దినములు వెనుకాడితిమి. పిల్లలను విడిచి ఇరువురము షికారు పోవుటయా యని యందురేమో యని భయము. ఆమె చేటలోని బియ్యము ఏరుచునే విని, కొంతసేపటికి ఇట్లనిరి: “మీ మామయ్యగారితో నేను గోదావరి చూసింది 1991 పుష్కరాలకి. నలభైమందిమి వెళ్లాము. ఆయన మగవాళ్ల గుంపులో, నేను ఆడవాళ్ల గుంపులో. ఇద్దరం ఒక మెట్టు మీద కూర్చున్న గుర్తు లేదు. మళ్లీ వెళదామని ఆయనకి ఉండేదో లేదో నేనడగలేదు. ఇప్పుడడగడానికి ఆయన లేరు. మీరు వెళ్లిరండి.” భయపడి అడుగకుండిన మా వారము దినములును మాకు సిగ్గు కలిగించినవి.

రెండవది, ఇంటివారి తిండి ఇంటివారే చూచుకొనుట. మేము పొడులు కొట్టలేదు. పెద్దవాడు అన్నము, చారు నేర్చుకొనెను. ఫోను రాత్రి యొక్కసారి మాత్రమే యని నియమము పెట్టుకొంటిమి. దారికి మంచినీళ్లు తప్ప ఏమియు మూట కట్టలేదు. మూడవది సొమ్ము. నెలనెలకు కొంచెము పోపులపెట్టెలో వేసి యుంచితిమి. దూరపు కార్లకు పోవు సొమ్ము మిగిలినది గనుక, దానితో శుభ్రమైన గది తీసికొంటిమి. నాలుగవది కాలము. జులై మొదలు సెప్టెంబరు వరకు గోదావరికి వరద. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిన సంగతి మరువరాదు. పాపికొండలకు పోదలచువారు ఒక దినమంతయు దానికే యుంచుకొని, నీరు తగ్గిన కాలమున, ప్రాణరక్షణకు చొక్కాలిచ్చు పడవలలోనే పోవలెను. రెండు దినముల విశ్రాంతికి వచ్చినవారికి ఊరి చేరువనే కావలసినంత పచ్చదనము కలదు.

ఇక పట్టిక యిది: ఉదయము ఒక చోటు, సాయంకాలము ఒక చోటు, నడుమ ఏమియు లేదు.

మొదటి ఉదయము అల్లపు పచ్చడితో, ఉప్మాతో పెసరట్టు తిని, కందుకూరి వీరేశలింగము పంతులుగారి యింటికి పోయితిమి. 1883లో స్త్రీల కొరకే ‘సతీహితబోధిని’ యను పత్రికను వెలువరించిన మహనీయులు వారు. కాని ఆ యింట మా మనస్సు నిలిచినది రాజ్యలక్ష్మమ్మగారి మీద. 1881 డిసెంబరు 11న పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు ఊరు వెలివేసినది. వంటవారు రాలేదు, నీరు తెచ్చువారు రాలేదు. ఆ యిల్లాలే గోదావరినుండి నీరు మోసి, వచ్చినవారికెల్ల వండి పెట్టినది. చరిత్ర మార్చిన పెండ్లికి వెనుక కూడ ఒక వంటయిల్లున్నదని తలచి, మేమా గుమ్మమునొద్ద కొంతసేపు నిలువబడితిమి.

మధ్యాహ్నము భోజనశాలలో మరల అదే ప్రశ్న యెదురైనది. ఈసారి ముందే ఆలోచించుకొని పోయితిమి గనుక, “పనసపొట్టు కూర” యని తడుముకొనక చెప్పితిమి. లేత పనసకాయను సన్నగా కొట్టి, ఉడికించి, చింతపండు పులుసుతో పోపు పెట్టి, దించిన పిదప ఆవపిండి కలుపుట గోదావరి సీమ వారి పద్ధతి. కాయ కొట్టుటకే ఒక పూట పట్టును, చేతులు జిగట. మా పుట్టింట అమ్మమ్మ చేసెడిది. ఇంట అందరికి ఆవఘాటు పడదు గనుక పదునైదేండ్లలో ఒక్కమారును మేము చేయలేదు. మొదటి ముద్దకు కన్నులలో నీరు తిరిగినది. ఆవ యని మావారితో చెప్పితిమి. వారు మారుమాటాడక రెండవమారు వడ్డింపించిరి.

ఈ సీమకు పేరు తెచ్చిన పులస చేపను గూర్చి యడుగు సోదరీమణులుందురు. మాది శాకాహారము గనుక రుచి చెప్పజాలము. అది వరదనెలలలో సముద్రమునుండి ఎదురీది నదిలోనికి వచ్చును గాన మాఘమున వెదకి లాభము లేదు. పుస్తెలమ్మి యైనను పులస తినవలెనని సామెత. అది కట్టినవాడు మగవాడై యుండును. అమ్మవలసిన పుస్తెలు మనవి గదా!

భోజనానంతరము నిద్రించితిమి. కడుగవలసిన గిన్నె ఒకటియు లేని యా మధ్యాహ్నపు నిద్ర ఎట్టిదో ఇల్లాండ్రకు చెప్పనక్కరలేదు.

సాయంకాలము పుష్కరఘట్టమున ఒక మెట్టుపై కూర్చుంటిమి. ఎదుట వంతెనలు. 1900లో తెరువబడి, 1997లో రైళ్లను మానుకొని, ఊరక నిలిచియున్న పాత హేవులాకు వంతెన; 1974నాటి రైలు రోడ్డు వంతెన; 1997లో ముగిసిన విల్లుల వంతెన. మొదటి గంట మాకు మాటలు దొరకలేదు. పిల్లల చదువు, పాలవాని లెక్క తీసివేసిన పిదప మాకిరువురకు మాటలాడుకొన ఏమున్నదో వెదకుకొనవలసి వచ్చినది. చీకటిపడు వేళకు మావారే మొదలుపెట్టిరి. “క్రిందటిసారి అంత పెద్ద పట్టిక ఏల వేసితినో తెలియునా? నిన్ను మరల ఎప్పుడు తీసికొని రాగలనో యని భయము. అన్నియు ఒకేసారి చూపదలచితిని” అనిరి. పదిహేనేండ్లుగా మాకు తెలియని మాట యిది. పట్టికను చూచి మేము పడిన కోపమంతయు అప్పుడు నీటిలో కలిసినది.

రెండవ ఉదయము ఆటోలో కడియపులంక పోయితిమి. ఊరి చేరువనే, జాతీయ రహదారి కిరువైపుల మొక్కల తోటలు. దేశమున నలుమూలలకు మొక్కలు ఇచటినుండి లారీలలో పోవును. చేమంతులు, గులాబులు, అంటుమామిళ్లు, పేరు తెలియని విదేశపు ఆకులు. చూచుటకు రుసుము లేదు, తొందర లేదు. రెండు గంటలు నడచి ఒక్క సంపెంగ మొక్క కొంటిమి. మొక్కను కొనువారు ప్రయాణపు చివరనే కొనవలెను. మేము తెలియక ముందే కొని దినమంతయు ఒడిలో పెట్టుకొని తిరిగితిమి.

సాయంకాలము ధవళేశ్వరము. 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటను దొర ఇచట కట్టించిన ఆనకట్ట వలననే డెల్టా వరి పండినది. ఇప్పటి బారేజి దాని స్థానమున తరువాత కట్టినది. దానిమీదుగా బొబ్బర్లంక చేరి, లంకల పచ్చదనము చూచుచు ఆత్రేయపురము పోయితిమి. 2023లో ఇచటి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఇంటింట స్త్రీలే వీనిని చేయుదురు. కుండను బోర్లించి క్రింద మంట పెట్టుదురు. నానిన బియ్యమును మెత్తగా రుబ్బి, నీళ్లవలె పలుచన చేసిన పిండిలో గుడ్డను ముంచి, కాగిన కుండపై ఒక్కసారి లాగుదురు. ఱెప్పపాటున కాగితము కంటె పలుచని రేకు విడివడును. దానికి నెయ్యి రాచి, పంచదారయో బెల్లపు పొడియో చల్లి మడతురు. ఒక తల్లి మమ్ము పీటపై కూర్చుండబెట్టి గుడ్డ చేతికిచ్చినది. మూడు రేకులు చినిగినవి. ఆమెకు నవ్వు ఆగలేదు. నాలుగవది సగము వచ్చినది. ఆ సగము మావారు తినిరి. తెల్లవారక మునుపే ఆమె పొయ్యి ముందు కూర్చుండునట. మన సెలవు రుచియంతయు మరియొక యిల్లాలి పొయ్యి నుండియే వచ్చునని గ్రహించి, బేరమాడక రెండు పెట్టెలు కొంటిమి.

దామెర్ల రామారావుగారి చిత్రశాల చూడలేదు. 1925లో ఇరువది యేడేండ్లకే గతించిన ఆ చిత్రకారుని పటములను తరువాతి రాకకు కావలెననియే మిగిల్చితిమి. మరల వచ్చెదమను నమ్మిక గలవారికి అన్నియు ఒకేసారి చూడవలసిన పనిలేదు.

ఇంటికి వచ్చునప్పటికి చారులో ఉప్పెక్కువైన కథ, పాలు పొంగిన కథ సిద్ధముగ నున్నవి. ఇల్లు కూలిపోలేదు. అత్తగారు పూతరేకును నోట నుంచుకొని కరగనిచ్చుచు, ఘట్టము మెట్లు వెనుకటివలెనే యున్నవా యని యడిగిరి. “మీరే చూచి రండి. పినతల్లిగారిని తోడు తీసికొని పొండి. పుష్కరములు 2027లో గాని రావు. అంతకు ముందే, జనము లేనప్పుడు పొండి. ఇల్లు మేము చూచుకొందు” మంటిమి. ఆమె వలదనలేదు.

మావారు వెంటనే పట్టిక వేయుటకు కాగితము తీసిరి. సగము ఖాళీగా నుంచుడని మేము చెప్పితిమి.