విడవలూరులో ఇల్లు చూసే ముందు

నెల్లూరులో అద్దెలు కట్టలేకపోతున్నాం, విడవలూరు వెళ్ళిపోదామంటున్నారు మా వారు. మీ ఇంట్లోనూ ఇలాంటి మాట వచ్చిందనుకోండి, మగవాళ్ళు చూసేవి రెండే: రోడ్డు, అద్దె.

ఊరు మంచిదే. పెన్నకు ఉత్తరాన, వరిచేల మధ్య ఉంటుంది. కోవూరు మీదుగా వెళ్ళాలి. రామతీర్థం సముద్రం దగ్గర. కాకపోతే 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు, కోవూరు మధ్య రాకపోకలే ఆగిపోయాయి. రోజూ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు అది గుర్తుంచుకోవాలి.

నన్నడిగితే ముందు నీళ్ళు చూడాలమ్మా. ఈ తీరంలో రొయ్యల చెరువులు ఎక్కువ. వాటి చుట్టుపక్కల మంచినీళ్ళు ఉప్పెక్కుతున్నాయన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1996లో తీర్పు కూడా వచ్చింది. చెరువులు మాత్రం పోలేదు. పక్కింట్లో నీళ్ళు బాగున్నాయిగా అనుకోకండి, బోరు బోరుకీ తేడా ఉంటుంది.

మేం చూసిన రెండిళ్ళ నుంచీ చెరో సీసాడు నీళ్ళు తెచ్చి కందిపప్పు వండాను. ఒకే పప్పు, ఒకే కుక్కరు, నాలుగేసి విజిళ్ళు. మొదటి నీళ్ళలో ఎంత మెదిపినా పలుకులు పలుకులుగానే ఉంది. రెండోది వెన్నలా మెదిగింది. సబ్బు నురగా అంతే. తాగడానికైతే పరీక్ష చేయించాల్సిందే, పప్పుతో అదంతా తేలదు.

రెండో ఇంటికి అద్దె ఐదొందలు ఎక్కువట. మొదటింట్లో తాగడానికీ వండడానికీ టిన్ను నీళ్ళు కొంటే నెలకెంతవుతుందో లెక్క రాసి మా వారి చేతికిచ్చాను. వేసవిలో ఆ బోరు ఎండుతుందేమో పక్కావిడని అడగాలి. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం.