దాచిన చోట ఉండనిస్తేగా

శ్రీహరికోట షార్‌లో అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. రాకెట్ల సంగతి నన్నెవరూ అడగరు. సూళ్లూరుపేటలో మా ఇంటికి వచ్చేవాళ్ల చేతిలో పే స్లిప్పో జీపీఎఫ్ స్టేట్‌మెంటో ఉంటుంది, లేదంటే ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్కు ఉంటుంది. మాటలు ఎటు తిరిగినా చివరికి తేలే ప్రశ్న ఒకటే: "నా వయసుకు ఎంత దాచి ఉండాల సార్?"

నేను మాత్రం ముందుగా వయసు అడగను. చేరిన తేదీ అడుగుతాను. 2003 డిసెంబరు 31 లోపు చేరినవాడైతే జీపీఎఫ్, పాత పెన్షన్. 2004 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ చేరితే ఎన్‌పీఎస్. కాంట్రాక్టరు కింద ఉంటే ఈపీఎఫ్. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి సౌండింగ్ రాకెట్టు ఎగిరిన నాటి ఉద్యోగులంతా మొదటి రకం. ఇవాళ పొద్దున్నే పులికాట్ దాటి దీవిలోకి పోయే జనంలో మూడు రకాలూ ఉన్నారు. పోయే రోడ్డు ఒకటే, తినే క్యాంటీను ఒకటే. అరవై దాటాక మాత్రం ఎవరి దారి వారిది.

అమెరికాలో ఫిడెలిటీ అనే సంస్థ చెప్పే లెక్క ఒకటి కుర్రాళ్ల ఫోన్లలో తిరుగుతుంటుంది. ముప్పై ఏళ్లకు ఏడాది జీతమంత, నలభైకి మూడు రెట్లు, యాభైకి ఆరు, అరవైకి ఎనిమిది, అరవై ఏడుకు పది రెట్లు చేతిలో ఉండాలట. లెక్క తప్పని అనను. కానీ అది జీవితాంతం ఒకే తీరుగా జీతం పెరిగేవాడి కోసం వేసింది. మన దగ్గర పాత పెన్షన్ వాడికి దాంతో పనిలేదు. ఆఖరి బేసిక్ 80,000 అయితే పెన్షన్ 40,000. నెలకు 40,000 కేవలం వడ్డీగా రావాలంటే, 7 శాతం లెక్కన 68 లక్షలకు పైగా బ్యాంకులో ఉండాలి. పైగా ఈ పెన్షన్ మీద ఏడాదికి రెండుసార్లు కరువు భృతి (డీఆర్) పెరుగుతుంది, బ్యాంకు వడ్డీ అలా పెరగదు. అంటే ఆ పెద్దమనిషి ఖాతాలో ఏమీ లేకపోయినా కనపడని మూట ఒకటి ఉన్నట్టే. ఇక కాంట్రాక్టు కుర్రాడికి ఈ పట్టిక చూపిస్తే నవ్వి ఊరుకుంటాడు.

జీతంలో ఎంత శాతం దాచాలని తల పట్టుకునేవాళ్లకు నేను చెప్పేదేమంటే, ఆ పని జీతం బిల్లులోనే అయిపోయింది. బేసిక్కు, డీఏ కలిపి 50,000 ఉన్న టెక్నీషియన్‌కు ఎన్‌పీఎస్‌లో నెలకు 5,000 అతనివి పడతాయి, సర్కారువి 7,000. సర్కారు వాటా మొదట్లో 10 శాతమే, 2019 ఏప్రిల్ నుంచి 14 అయింది. పీఎఫ్ కుర్రాడికీ తన 12, యజమాని 12. జీతంలో నాలుగో వంతు దాచే కుటుంబాలు మన పక్క ఎన్నున్నాయి? జమ కాలమ్ బాగానే ఉంది. ఉద్యోగమంతా నేను చూసింది దాని పక్క కాలమ్‌ని, అంటే తీసుకున్న సొమ్ముని. ఏ వయసులో ఎంత ఉండాలన్నది తేలేది అక్కడే.

శ్రీసిటీలో పనిచేసే మా చుట్టాలమ్మాయి ఒకామె ఆ మధ్య వచ్చింది. ఇంకా పాతికేళ్లు నిండలేదు. పని మానేసి మూడు నెలలైంది, కొత్తది దొరకలేదు.

"పెదనాయనా, పీఎఫ్ తీసుకోవాల. ఫారం ఎట్టా నింపేదో చూపీ."

ఫోను తీసుకుని చూశాను. యూఏఎన్ ఒకటే, దాని కింద మెంబర్ ఐడీలు మూడు. మొదటి రెండింట్లో నిల్వ సున్నా. మూడో దాంట్లో నెలకో వరస, వరసకు మూడు అంకెలు: తన వాటా 1,800, యజమాని వాటా 550, ఆ పక్కన 1,250.

"ఈ 1,250 ఎవరివి?"

"నీవే. యజమాని కట్టేదాంట్లోంచి నీ పెన్షన్‌కి పోతాయి."

"మరి ముందు రెండు కంపెనీలప్పుడు?"

"అవీ తీసేసుకున్నావు. 19 నంబరు ఫారం పీఎఫ్‌కి, 10సీ పెన్షన్‌కి. రెండూ పెట్టావు."

"నేనేడ పెట్టాను పెదనాయనా, నెట్ సెంటర్లో ఆ అబ్బాయి నొక్కాడు."

ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అడిగిన డబ్బు ఇప్పించాడు. కానీ 10సీ పెట్టి డబ్బు తీసుకున్న ప్రతిసారీ పెన్షన్ సర్వీసు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఈపీఎస్ అనే ఆ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. శ్రీసిటీలోనూ మాంబట్టులోనూ రెండేళ్లకో కంపెనీ మారుతూ, మారినప్పుడల్లా 10సీ పెట్టేవాళ్లు ఇరవై ఏళ్లు పనిచేసినా పదేళ్ల గీత తాకరు. ఒకే యూఏఎన్ కింద సర్వీసు కలుపుకుంటూ పోతే ఎంతొస్తుందో కూడా చెప్పాలి. పెన్షన్‌కు లెక్కించే జీతం గరిష్ఠంగా 15,000. దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. పదేళ్లకు 2,142 రూపాయలు. ముప్పై ఏళ్లు చేస్తే రెండేళ్లు అదనంగా కలిపి 6,857. గొప్ప మొత్తమేమీ కాదు, అయినా చనిపోయేదాకా వచ్చేది.

అసలు దెబ్బ పీఎఫ్ నిల్వలో ఉంది. ఆమె వాటా 1,800కి యజమాని 550 కలిపితే నెలకు 2,350. 8.25 శాతం వడ్డీతో అయిదేళ్లలో అది సుమారు లక్షా డెబ్బై రెండు వేలవుతుంది. ఇరవై రెండేళ్లకు చేరిన పిల్ల ఇరవై ఏడుకి ఆ సొమ్ము తీసేస్తే పోయింది లక్షా డెబ్బై రెండు వేలే అనుకుంటుంది. ముట్టుకోకుండా వదిలేస్తే, వడ్డీ ఇదే ఉంటే, ఆ అయిదేళ్ల సొమ్మొక్కటే యాభై ఏడేళ్లకు 18 లక్షలకు పైనే. అందుకే ఇరవైల్లో ఎంత దాచాలని అడిగేవాళ్లకు నేను కొత్తగా ఒక్క రూపాయి దాచమని చెప్పను. ఉన్నది బదిలీ చేయించుకోమంటాను, అంతే. నాన్న పేరు ఆధార్‌లో ఒకలా పీఎఫ్‌లో ఒకలా ఉండి బదిలీ ఆగిపోయిందని వస్తారు చూడండి, ఆ కాగితం సరిచేయించుకోవడమే ఆ వయసులో అన్నిటికంటే పెద్ద పొదుపు.

ఆ అమ్మాయి తీయకుండా ఉంటుందని నేననుకోలేదు. తమ్ముడి ఫీజుకి సోమవారం గడువు. 19 ఒక్కటే పెట్టించి 10సీ వదిలేయమన్నాను. డబ్బు పోయినా సర్వీసన్నా మిగులుతుంది.

ముప్పైల్లో ఉన్న ఎన్‌పీఎస్ వాళ్ల గురించి నాకు పెద్దగా బెంగ లేదు, వాళ్ల సొమ్ము తేలిగ్గా చేతికి రాదు కాబట్టి. అదే దాని గొప్పతనం. తను కట్టినదాంట్లో పావు వంతుకు మించి మధ్యలో తీయడానికి లేదు, అదీ చెప్పుకోదగ్గ కారణం ఉంటేనే. వాళ్లు తిట్టుకునేది కూడా దీన్నే. 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ అనే కొత్త పెన్షన్ పథకం వచ్చాక వాళ్లు మా ఇంటికి రావడం ఎక్కువైంది. ఎంచుకునే గడువు పొడిగిస్తూ పోయి నవంబరు 30 దాకా తెచ్చారు. పాతికేళ్ల సర్వీసుంటే ఆఖరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్, తక్కువైతే ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి నేను అడిగింది మళ్లీ చేరిన తేదీనే. ఇరవై నాలుగుకు చేరిన ఇంజనీరుకు పాతికేళ్లు ఎప్పుడో నిండిపోతాయి. ముప్పై ఎనిమిదికి చేరినవాడికి ఇరవై రెండేళ్లే, సగానికి బదులు 44 శాతం.

నలభైలు తీసే వయసు. పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి, నాయుడుపేట వైపు ప్లాటు, ఇంటి మీద ఇంకో అంతస్తు. జీపీఎఫ్ విత్‌డ్రాయల్ దరఖాస్తుల్లో కారణాలు ఇవే తిరిగి తిరిగి వచ్చేవి. 2017లో నిబంధనలు సడలించాక పదేళ్ల సర్వీసుంటే చాలు, కారణానికి పెద్దగా రుజువులు కూడా అక్కర్లేదు. పెళ్లికి తీయొద్దని నేనెవరికీ చెప్పలేదు, చెబితే వినేదెవరు? కానీ ఒకే హోదాలో ఒకే ఏడాది చేరిన ఇద్దరి స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెడితే, చందా ఎక్కువ కట్టినవాడికంటే తక్కువసార్లు తీసినవాడి నిల్వే పెద్దది. దీన్ని ఏ పట్టికా చెప్పదు.

ఇక అరవయ్యో ఏడు. పెన్షన్ కాగితాల్లో అందరూ ఆగిపోయే గడి కమ్యుటేషన్‌ది. పెన్షన్‌లో 40 శాతం దాకా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. పెన్షన్ 40,000 అయితే అమ్మేది 16,000. అరవైకి రిటైరయ్యేవాడికి గుణకం 8.194, పన్నెండు నెలలతో హెచ్చిస్తే 15,73,248 రూపాయలు చేతికొస్తాయి. నెలనెలా వచ్చేది 24,000కి తగ్గుతుంది, డీఆర్ మాత్రం పూర్తి 40,000 మీదే ఇస్తారు. అమ్మిన భాగం పదిహేనేళ్లకు తిరిగొస్తుంది. ఈ లోపు పోయేది 28,80,000. "సర్కారు దోచుకుంటోంది" అంటారు మా పెన్షనర్లు, పదిహేనేళ్లు పన్నెండు చేయమని సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. వడ్డీ కట్టి చూస్తే ఇది సుమారు 9 శాతానికి తీసుకున్న అప్పులాగా తేలుతుంది. మరీ దోపిడీ కాదు, మరీ ధర్మమూ కాదు. మధ్యలో మనిషి పోతే భార్యకొచ్చే కుటుంబ పెన్షన్‌లో దీని కోత పడదు. ఏ బ్యాంకూ ఇవ్వని వెసులుబాటు ఇది. తీసుకునే సొమ్ము మొత్తం 8.2 శాతం వచ్చే సీనియర్ సిటిజన్ పథకంలో వేసినా నెలకు 10,700 చిల్లర, వదులుకునేది 16,000. అసలు మిగులుతుంది కదా అంటారు. మిగిలితే మంచిదే.

మిగలనిచ్చేదెవరు? రిటైరైన వారంలో గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, కమ్యుటేషన్, జీపీఎఫ్ అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఆ సంగతి ఊరందరికీ ముందే తెలుస్తుంది. బావమరిది రొయ్యల గుంట లీజు మాట తెస్తాడు. కొడుకు కారు ఊసెత్తుతాడు. చీటీల ఆయన కొత్త చీటీ మొదలెడతాడు. రొయ్యలకు మచ్చల రోగం తగిలిందంటే పంటంతా పోయినట్టేనని మా పక్క పిల్లలకూ తెలుసు, అయినా సరే. ఇంటి అప్పుంటే కమ్యూట్ చేయమంటాను. లేకపోతే నెలనెలా వచ్చేదే ఉంచుకోమంటాను, నెలకు 16,000 అడిగే బావమరిది ఉండడు కాబట్టి.

ఇవన్నీ షార్ లోపలివాళ్ల బాధలు. బయటివాళ్లవి వేరు. ఈపీఎస్‌లో కనీస పెన్షన్ 2014లో 1,000 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి 4,000, వేటకు పోయే మత్స్యకారులకు యాభై నుంచే ఇస్తారు. ఏళ్ల తరబడి జీతంలో కోయించుకుని పదిహేను వందలు తెచ్చుకునే ముసలాయన, ఎన్నడూ ఏమీ కట్టని పొరుగాయన చేతిలో నాలుగు వేలు చూసి నన్నడుగుతాడు, ఎందుకు కట్టినట్టు సార్ అని. నా దగ్గర జవాబు లేదు.

అయినా మా అప్పటి నెల్లూరు జిల్లాకు పొదుపు కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డాక, మరుసటి ఏడాది పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచే సంఘాలు ఇక్కడే మొదలయ్యాయి. ఆ సంఘాల్లో డబ్బు నిలబడడానికి కారణం తీయాలంటే మిగతా ఆడవాళ్ల ముందు నోరు తెరిచి అడగాల్సి రావడమేనని నా ఉద్దేశం.

అందుకే బయటివాళ్లకు అటల్ పెన్షన్ గురించి చెబుతాను. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల మధ్య చేరాలి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు లేదు. నెలకు 5,000 పెన్షన్ కావాలంటే పద్దెనిమిదేళ్లకు చేరినవాడు కట్టేది 210, ముప్పైకి 577, నలభైకి 1,454. మొదటివాడు నలభై రెండేళ్లలో కట్టేది లక్షా ఆరు వేల లోపు, ఆఖరివాడు ఇరవై ఏళ్లలో మూడున్నర లక్షలు. వయసుకు ఖరీదు కట్టి ఇంత విప్పిచెప్పిన పట్టిక నేనింకోటి చూడలేదు.

షార్ గేటు దాకా ఆటో తోలే అతను లెక్కంతా విని, "అప్పటికి అయిదు వేలకు ఏమొస్తాయి సార్?" అన్నాడు. మంచి ప్రశ్న. ఏటా 6 శాతం ధరలు పెరిగితే, ఇరవై ఏళ్ల తర్వాతి అయిదు వేలు ఇవాళ్టి పదిహేను వందలతో సమానం. అదే చెప్పాను. చాలదని కూడా చెప్పాను. మరి ఎందుకు కట్టాలన్నాడు. ఖాతా మూసేస్తే తప్ప మధ్యలో పండక్కి, పెళ్లికి తీయడానికి కుదరదు కాబట్టి అన్నాను.

అతనికి నలభై నిండడానికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. భార్యకు ముప్పై అయిదు, ఆమెకైతే 902. ఇద్దరికీ కుదరదని, ఆమె పేరుతోనే తెరుస్తామన్నాడు. ఖాతా ఏ తేదీన తెరిస్తే నెలనెలా ఆ తేదీకే కోత పడుతుందా అని అడిగాడు. చాలావరకు అంతే, బ్యాంకులో ఒకసారి అడిగి చూసుకోమన్నాను.

"అయితే పదో తారీఖు దాటినాక పోతాం సార్. అయిదున ఆటో కిస్తీ పోతుంది."