పడవలో నలుగురం

మేనకోడలి నిశ్చితార్థానికి సనత్‌నగర్‌లో అందరం కలిశాం. కలిశామన్న మాటే గానీ కాఫీలు, వడ్డనలు, వీడ్కోళ్లతో తోబుట్టువులం తీరిగ్గా మాట్లాడుకున్నదే లేదు. మర్నాడు పిల్లల్ని ఇంట్లో వదిలేసి మేమే బయటపడ్డాం.

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కాం. ఎరుపు, నీలం లైన్లు కలిసే అమీర్‌పేట రాగానే, ఒకప్పుడు అక్కడే కంప్యూటర్ కోర్సు చదివిన తమ్ముడు తన హాస్టల్ ఏ సందులో ఉండేదో కిటికీలోంచి వెతుక్కున్నాడు. పంజాగుట్ట దాటి ఖైరతాబాద్‌లో దిగాం. ఆటోలో లుంబినీ పార్కుకి, అక్కడినుంచి బుద్ధుడి దగ్గరికి పడవలో.

రాయగిరి రాతితో చెక్కిన ఆ ఏకశిలా విగ్రహాన్ని 1990లో తరలిస్తుంటే హుస్సేన్‌సాగర్‌లో మునిగింది, ప్రాణాలూ పోయాయి. నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. అన్నయ్య ఆ కథంతా మొదలుపెట్టాడు.

"నడినీళ్లలో కూర్చుని ఇప్పుడా చెప్పడం?" అంది అక్క, రెండు చేతులా పడవ అంచు పట్టుకుని.

విహారమంటే నాకెప్పుడూ సాకే. చూసిందానికంటే మాట్లాడుకున్నదే ఎక్కువ. పీఠం చుట్టూ తిరుగుతూ అమ్మ మోకాళ్ల ఆపరేషన్ సంగతి తేల్చేశాం. ఊళ్లో ఇల్లు మాత్రం తెగలేదు. తమ్ముడు అమ్మేద్దామంటాడు, అక్క ససేమిరా అంటుంది. పెళ్లికి మళ్లీ వచ్చినప్పుడు గోల్కొండ మెట్లెక్కుతూ వాదించుకోవాలి.