బౌడ్లరైజ్ చేశాను

జీఆర్ఈ వర్డ్ లిస్టులో 'బి' దాటడమే నాకు పెద్ద పనయింది. అక్కడే తగిలింది ఈ క్రియ: బౌడ్లరైజ్. ఒక రచనలో మర్యాదగా లేవనిపించిన మాటలన్నీ తీసేసి, ఇంటిల్లిపాదీ చదివేలా 'శుభ్రం' చేయడం అని అర్థం. మిగతా పదాల్లాగే బట్టీ కొట్టి వదిలేసేవాణ్ణే. కానీ అప్పటికి కొన్నాళ్ళ ముందే నేను ఆ పని చేసి ఉన్నాను.

థామస్ బౌడ్లర్ స్కాట్లండులో డాక్టరీ చదివినాయన. ఇంట్లో ఆడవాళ్ళ ముందు, పిల్లల ముందు పైకి చదువుకోడానికి వీలుగా షేక్‌స్పియర్ నాటకాల్ని కత్తిరించి, 1818లో 'ఫ్యామిలీ షేక్‌స్పియర్' అని వేశాడు. నాలుగో హెన్రీ రెండో భాగంలో డాల్ టేర్‌షీట్ అనే వేశ్య ఉంటుంది. ఈయన పుస్తకంలో ఆ మనిషే లేదు! ఆయన పోయిన 11 ఏళ్ళకి, 1836లో, ఇంటిపేరు కాస్తా క్రియ అయిపోయింది.

తమాషా ఏంటంటే, మొదలుపెట్టింది ఆయన కాదు, వాళ్ళక్క హెన్రియెట్టా. 1807లో 20 నాటకాలతో వచ్చిన మొదటి కూర్పు ఆవిడదే. దాని మీద ఎవరి పేరూ లేదు. పెళ్ళికాని మనిషికి ఆ బూతులు అర్థమయ్యాయని తెలిస్తే పరువు పోతుందని దాచారంటారు. నిజమే కదా, కత్తెర వేయాలంటే ముందు ప్రతి మాటా అర్థం కావాలి.

నాకూ అన్నీ అర్థమయ్యాయి. పోయిన సంచికకి ఒక జూనియర్ వాళ్ళ నాన్న మీద రాసిచ్చాడు. ఆయన లారీ డ్రైవర్. కోపమొచ్చినా తిట్టే, ప్రేమొచ్చినా తిట్టే. కొడుక్కి సీటొచ్చిందని ఫోన్ చేస్తే ముందు ఒక పచ్చి బూతు తిట్టి, తర్వాత ఏడుస్తాడు. ఫ్యాకల్టీ చూస్తారని భయమేసి తిట్లన్నీ తీసేశాను. ఆ ఫోన్‌లో ఆయన చేత "శభాష్ నాన్నా, చాలా సంతోషం" అనిపించాను. వాణ్ణి ఒక్క మాట అడగలేదు. కింద పేరు మాత్రం వాడిదే.

సంచిక వచ్చిన వారానికి మెస్‌లో వాడు నా పక్కన కూర్చున్నాడు. "బానే వచ్చింది అన్నా. మా చెల్లి ఇంట్లో చదివి వినిపించిందంట. మా నాన్న మొత్తం విని, 'ఎవడే ఈడు, మంచోడిలా ఉన్నాడే' అన్నాడంట."

నవ్వుతూనే చెప్పాడు. నాకు ముద్ద దిగలేదు.

వాడు పంపిన అసలు ఫైలు నా మెయిల్లో ఇంకా ఉంది. వాణ్ణి అడిగే, ఈ సంచికలో మళ్ళీ వేస్తున్నాం, తిట్లతో సహా. ఫ్యాకల్టీ ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.